ఒకే బిల్లు రెండుసార్లు ఎందుకు కొట్టాలి?

హైదరాబాద్ నయాపూల్‌కు ఉత్తరాన అఫ్జల్‌గంజ్, దాన్ని ఆనుకుని ఉస్మాన్‌గంజ్, బేగంబజార్. దక్షిణాన మదీనా, పత్తర్‌గట్టీ. మూసీకి రెండు వైపులా హోల్‌సేల్ దుకాణాలే. జిల్లాల నుంచి వచ్చే చిల్లర వ్యాపారులు బట్టలు, గిన్నెలు, పప్పులు, మసాలా దినుసులు ఇక్కడే కొని మూటలు కట్టించుకుంటారు. ఇంత సరుకు కదిలే చోట ఒకే బిల్లును రెండుసార్లు టైపు చేసే దుకాణాలు ఇంకా ఉన్నాయి. పగలు కౌంటర్ మీద బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒకసారి, సాయంత్రం గుమస్తా టాలీలో ఇంకోసారి. మధ్యలో ఒక అంకె తారుమారైతే నెలాఖరున జీఎస్టీ రిటర్న్ వేసేటప్పుడు బయటపడుతుంది. అప్పుడు పాత బిల్లు పుస్తకాలన్నీ తిరగేయాలి.

ఇంత శ్రమ అక్కర్లేదు. రెండు సాఫ్ట్‌వేర్‌లనూ కలిపే మార్గం చాలా ఏళ్లుగా ఉంది. దాన్ని వాడుకునే పనిముట్టును ఏ దుకాణానికి ఆ దుకాణం చాటుగా రాయించుకోవడం మాని, బజారంతా కలిసి ఒకటి కట్టించుకోవాలి.

టాలీ పుట్టిందే ఇలాంటి అవసరం నుంచి. బట్టల మిల్లులకు ముడిసరుకు, యంత్ర భాగాలు సరఫరా చేసే శ్యామ్ సుందర్ గోయెంకా తన లెక్కలకు సరిపడే సాఫ్ట్‌వేర్ దొరక్క, కొడుకు భరత్ గోయెంకాను ఒకటి రాయమన్నారు. 1986లో బెంగళూరులో ప్యూట్రానిక్స్ పేరుతో మొదలైన ఆ సంస్థే ఇప్పటి టాలీ సొల్యూషన్స్. 2020లో భరత్ గోయెంకాకు పద్మశ్రీ వచ్చింది. చిట్టా, ఆవర్జా పుస్తకాలు పక్కకుపోయి ఆ స్థానంలోకి టాలీ రావడానికి కారణం ఒక్కటే. వ్యాపారి లెక్క రాసే తీరును అది మార్చమనలేదు.

బయటి ప్రోగ్రాములతో మాట్లాడే ఏర్పాటు కూడా టాలీలో ఉంది. సెట్టింగుల్లో కనెక్టివిటీ దగ్గర దాన్ని సర్వర్‌గా పెట్టి, పోర్టు 9000 అని ఇస్తే చాలు. ఆ కంప్యూటర్‌లోనే బ్రౌజర్ తెరిచి ఆ పోర్టును అడిగితే, సర్వర్ నడుస్తోందని ఒక్క వాక్యం జవాబుగా వస్తుంది. ఆ తర్వాత ఎక్స్‌ఎంఎల్ రూపంలో ఏది అడిగితే అది: ఖాతాల జాబితా, ఫలానా పార్టీ బాకీ, నిన్నటి అమ్మకాలు. కొత్త వోచర్‌ను అదే దారిలో లోపలికి పంపొచ్చు. పైథాన్ తెలిసిన ఇంజనీరింగ్ విద్యార్థి మొదటి జవాబును ఒక పూటలో రాబట్టగలడు. అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. అందుకే లైబ్రరీ కావాలి. లైబ్రరీ అంటే తరచూ ఎదురయ్యే చిక్కులన్నిటికీ విరుగుడు ముందే రాసిపెట్టిన కోడ్. దాన్ని తెచ్చుకుని వాడుకునేవాడు ఆ చిక్కులతో మళ్లీ మొదటి నుంచి కుస్తీ పట్టనక్కర్లేదు.

ఆ చిక్కులు ఎలాంటివో తెలిస్తే, దీన్ని పక్కింటి కుర్రాడికి అప్పగించి మరిచిపోయే పనిగా ఎవరూ చూడరు. టాలీ ఎక్స్‌ఎంఎల్‌లో డెబిట్ మొత్తాలకు మైనస్ గుర్తు ఉంటుంది. అది తెలియక పంపితే అమ్మకం కాస్తా తలకిందులవుతుంది. తేదీని ముందు సంవత్సరం, తర్వాత నెల, చివర రోజు వరసలో ఎనిమిది అంకెలుగా ఇవ్వాలి. కంపెనీ ఫైలు టాలీలో తెరిచి లేకపోతే వివరాలు రావు. ఖాతా పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా, ఆ లెడ్జర్ లేదంటూ వోచర్ వెనక్కి వస్తుంది. బేగంబజార్‌లో ‘అండ్ సన్స్’, ‘అండ్ కో’ అని పేరు పెట్టుకున్న దుకాణాలకు కొదవ లేదు. బోర్డు మీద ఆ ‘అండ్’ను అక్షరాల్లో కాకుండా గుర్తుగా వేస్తారు. ఎక్స్‌ఎంఎల్‌లో ఆ గుర్తుకు వేరే అర్థం ఉంది కాబట్టి, మార్చకుండా పంపితే మొత్తం సందేశం చెడిపోతుంది. టాలీ ఇచ్చే జవాబుల్లో కూడా ‘ప్రైమరీ’ అనే గ్రూపు పేరు ముందు ఎక్స్‌ఎంఎల్ నియమాలు ఒప్పుకోని కంటికి కనపడని అక్షరం ఒకటి వస్తుంది. దాన్ని ఏరేయకపోతే పైథాన్ అక్కడే ఆగిపోతుంది.

వీటన్నిటికన్నా ప్రమాదకరమైంది డబుల్ ఎంట్రీ. వోచర్ పంపాక జవాబు వచ్చేలోపు కరెంటు పోయిందనుకుందాం. ప్రోగ్రాం మళ్లీ పంపుతుంది. ప్రతి వోచర్‌కూ విడిగా ఒక గుర్తింపు సంఖ్య ఇచ్చి, అది ముందే ఉందో లేదో చూసే ఏర్పాటు లేకపోతే ఒకే అమ్మకం రెండుసార్లు లెక్కకెక్కుతుంది. పార్టీకి లేని బాకీ చూపిస్తుంది. ఉద్దెర మీద, నమ్మకం మీద నడిచే బజారులో అలాంటి పొరపాటు ఒక్కటి చాలు, ఏళ్ల నాటి గిరాకీ మొహం తిప్పుకోవడానికి.

పన్నుల సంగతి ఇంకొకటి. ఏడాదికి 5 కోట్ల రూపాయలు దాటిన టర్నోవర్ ఉన్న వ్యాపారులకు 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్‌వాయిస్ తప్పనిసరి అయింది. రిజిస్టర్డ్ వ్యాపారికి అమ్మే ప్రతి బిల్లూ ప్రభుత్వ పోర్టల్‌కు వెళ్లి, 64 అక్షరాల గుర్తింపు సంఖ్య తెచ్చుకోవాలి. దాంతో పాటు వచ్చే క్యూఆర్ కోడ్ కొనుగోలుదారుకు ఇచ్చే బిల్లు మీద ఉండాలి. సాయంత్రం గుమస్తా తీరిగ్గా ఎక్కిస్తే సరిపోయే రోజులు వీళ్లకు ఎప్పుడో పోయాయి. ఈ-ఇన్‌వాయిస్‌ను టాలీ నేరుగా తీసుకురాగలదు. కాబట్టి కౌంటర్ బిల్లు అప్పటికప్పుడు టాలీలో పడితే మిగతా పని అక్కడి నుంచే చేయొచ్చు.

రేట్లు మాత్రం ప్రోగ్రాంలో పాతేయకూడదు. 2025 సెప్టెంబర్ 21 వరకు రెడీమేడ్ దుస్తుల మీద జీఎస్టీ 1,000 రూపాయల వరకు 5 శాతం, ఆపైన 12 శాతం. మర్నాటి నుంచి 2,500 వరకు 5 శాతం, ఆపైన 18 శాతం అయింది. మదీనా, పత్తర్‌గట్టీల్లో బట్టలమ్మే వారికి ఇది తెల్లారేసరికి మారిన లెక్క. రేటును కోడ్ మధ్యలో అంకెగా రాసిన ప్రోగ్రాం ఆ ఉదయం తప్పుడు బిల్లు ఇస్తుంది. రేట్లను, అవి అమల్లోకి వచ్చే తేదీలను విడిగా పట్టికలో పెట్టిన ప్రోగ్రాంలో ఒక వరస చేరిస్తే చాలు.

మరి ఇదంతా రాసే పిల్లలు ఎక్కడున్నారు? ఇదే ఊళ్లో ఉన్నారు. అమీర్‌పేటలో ఏళ్లుగా శాప్ అనే సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్పుతున్నారు. పెద్ద కంపెనీల్లో ఉద్యోగం తెచ్చే చదువు అది, దాన్ని తక్కువ చేయాల్సిన పని లేదు. కానీ శాప్‌ను బయటి ప్రోగ్రాములతో కలిపే లైబ్రరీ దింపుకోవాలంటే ఆ కంపెనీ కస్టమర్‌కు ఇచ్చే లాగిన్ ఉండాలి. జావా కోసం ఇచ్చే జేకో లైబ్రరీలో 32 బిట్లు, 64 బిట్ల జత కుదరకపోతే ప్రోగ్రాం లేవనే లేవదు. పైథాన్ కోసం శాప్ తానే తెరిచి పెట్టిన పైఆర్‌ఎఫ్‌సీ నిర్వహణను ఆ కంపెనీయే ఆపేసింది. అంత పెద్ద సంస్థ కట్టిన లైబ్రరీకే ఆ గతి పట్టినప్పుడు, ఎవరో ఒక్కరు ఒక్క దుకాణం కోసం రాసిచ్చిన ప్రోగ్రాంను నమ్ముకోవడం ఎంత ప్రమాదం! ఆ మనిషి బెంగళూరులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోతే కోడ్ ఏ ల్యాప్‌టాప్‌లో ఉందో సేఠ్‌కు తెలియదు. చదివి సరిచేసే మనిషి దొరకడు.

అందుకే కోడ్ అందరికీ కనిపించేలా ఉండాలి. హైదరాబాద్‌లో స్వేచ్ఛ లాంటి సంస్థ ఏళ్లుగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పని చేస్తోంది. ముంబై సంస్థ ఫ్రాపే తయారు చేసిన వ్యాపార సాఫ్ట్‌వేర్ ఈఆర్‌పీనెక్స్ట్ మూల కోడ్ ఎవరైనా తెరిచి చూడొచ్చు. అలాంటి అనుభవం ఉన్నవాళ్లు, ఇంజనీరింగ్ కాలేజీలు, బజారు వర్తక సంఘాలు ఒకచోట కూర్చుంటే ఒక మంచి లైబ్రరీ తయారవుతుంది. చివరి సంవత్సరం ప్రాజెక్టు పేరుతో పాత రిపోర్టుకు కొత్త అట్ట వేసే విద్యార్థికి ఇది నిజమైన పని. నేర్చుకోవడానికి లైసెన్స్ కూడా కొననక్కర్లేదు. టాలీ ఎడ్యుకేషన్ మోడ్ ఉచితం. కాకపోతే అందులో ప్రతి తేదీకీ వోచర్ పడదు, నెలలో 1, 2, 31 తేదీలకే పడుతుంది. పరీక్షించడానికి అది చాలు. వాడే పద్ధతిని తెలుగులో, ఉర్దూలో, హిందీలో రాసిపెట్టాలి. పాతబస్తీ దుకాణాల్లో లెక్క రాసేవాళ్లు ఈ మూడు భాషల్లో ఏదో ఒకటి చదవగలరు.

వ్యాపారుల భయం గురించి కూడా చెప్పాలి. లెక్క పుస్తకం పరాయివాడి చేతికి ఇవ్వడానికి ఎవరూ ఇష్టపడరు. ఆ జాగ్రత్త న్యాయమైంది. పోర్టు 9000ను దుకాణంలోని కంప్యూటర్లకే పరిమితం చేయాలి, ఇంటర్నెట్ వైపు ఎట్టి పరిస్థితుల్లోనూ తెరవకూడదు. లైబ్రరీకి మొదట చదివే పని మాత్రమే ఇవ్వాలి. రాసే పని ఇచ్చేముందు కంపెనీ డేటా నకలు మీద ఒక నెలంతా నడిపి, చేతితో ఎక్కించిన లెక్కతో పైసాకు పైసా సరిచూడాలి. గుమస్తాల పొట్ట కొడతారా అని అడిగేవాళ్లూ ఉంటారు. టైపు చేయడం గుమస్తా పనిలో తక్కువ విలువైన భాగం. ఏ పార్టీ ఎన్ని రోజులుగా బాకీ ఉందో, ఎవరికి ఇంకా ఉద్దెర ఇవ్వొచ్చో, వచ్చిన సరుకు బిల్లుతో సరిపోయిందో లేదో చూసేది ఆయనే. ఆ పనికి ఇప్పుడు సమయం చిక్కడం లేదు.

మొదలుపెట్టే అదను కూడా ఉంది. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మారుతుంది. బిల్లు నంబర్లు ఆ రోజు మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టే దుకాణాలు చాలా ఉన్నాయి. జనవరిలో నాలుగైదు దుకాణాల్లో చదివే లైబ్రరీ పెట్టి, ఫిబ్రవరి, మార్చి బిల్లులను డేటా నకలులోకి రాయించి తప్పులు ఏరుకుంటే, ఏప్రిల్ మొదటి బిల్లు కౌంటర్ నుంచి నేరుగా టాలీలోకి వెళ్తుంది. కావాల్సిందల్లా వర్తక సంఘం ఒక తీర్మానం చేయడం, ఒక కాలేజీ పదిమంది విద్యార్థుల్ని ఒక సెమిస్టర్ పాటు బజారుకు పంపడం.