భీము అంటే ఎవరు? పిల్లోడి పేరు పలికినట్టే రాయండి

ఆదిలాబాద్, ఆసిఫాబాద్ ఏజెన్సీలో ఏ గోండు గూడేనికి పోయినా భీము, భీంరావు అనే పేరుగల మనిషి కనిపిస్తడు. అదే పేరు పట్నంలో చెప్తే "పాండవుల భీముడా?" అని అడుగుతారు. చిన్న పిల్లలైతే "ఛోటా భీమా?" అని నవ్వుతారు. అడగడంలో తప్పులేదు. కానీ జవాబు మనకు తెలిసి ఉండాలి.

సంస్కృతంలో భీమ అంటే భయం పుట్టించేవాడు. మన తల్లిదండ్రులు నిఘంటువు చూసి పేరు పెట్టలేదు. గోండులకు భీమల్ పేన్ ఉన్నడు. వానకు, పంటకు, బలానికి మొక్కే దేవుడు. పక్కనే ఉన్న కొలాంలకు భీమయ్యక్, నాయకపోడులకు భీమన్న. ఛత్తీస్‌గఢ్‌లో బస్తర్ దిక్కు కూడా వాన కోసం మొక్కేది భీమదేవునికే. కొడుకుకు భీము అని పేరు పెట్టారంటే, పంట పండాలి, పిల్లోడు గట్టిగా ఉండాలి అని ఆ దేవుని పేరు పెట్టుకున్నారన్నమాట.

"మరి మీ కథల్లో పాండవులు లేరా?" అని ఎవరైనా అడగొచ్చు. ఉన్నారు. ప్రధాన్‌లు, తోటీలు పాడే కథల్లో పాండవులు వస్తారు. ఇరుగుపొరుగు జనాలు శతాబ్దాల తరబడి కలిసి బతికితే కథలు అటూ ఇటూ పోతాయి. అంతమాత్రాన గూడెం పక్కన చెట్టుకింద ఉన్న భీమల్ వేరేవాళ్ల దేవుడికి నకలు అయిపోడు.

ఈ పేరుకు ఇంకో అర్థం ఇచ్చినవాడు సంకెపల్లిలో పుట్టిన భీము. పోడు చేసుకున్న భూముల నుంచి అడవి శాఖ వెళ్లగొడుతుంటే, దున్నిన భూమి పట్టా వేరేవాళ్ల పేరు మీదికి పోతుంటే, పన్నెండు గూడేల జనాన్ని కూడగట్టి నిజాం సర్కారుకు ఎదురు నిలిచాడు. 1940లో జోడేఘాట్ దగ్గర పోలీసు తూటాలకు బలయ్యాడు. ఏటా ఆశ్వయుజ పౌర్ణమి నాడు అక్కడ వర్ధంతి చేసుకుంటున్నాం. ఈ రోజు గూడెంలో భీము అని పేరు పెడితే దేవుడూ గుర్తుకొస్తడు, ఆ మనిషీ గుర్తుకొస్తడు.

అంత పెద్ద మనిషి ఇంటిపేరునే కొమరం, కొమురం, కుమురం, కుమ్రం అని తలా ఒక తీరుగా రాస్తున్నారు. ఇక మామూలు గూడెం పిల్లోడి సంగతేంది? ఇంట్లో భీము. బడి రిజిస్టర్లో భీమయ్య. ఆధార్‌లో భీమ్ రావ్. కుల ధ్రువీకరణ పత్రంలో ఇంటిపేరు ఇంకో రకం. స్కాలర్‌షిప్‌కు పోతే "పేరు కలవలేదు" అంటారు. రేపు తండ్రి పేరున ఉన్న అటవీ హక్కు పత్రం కొడుకుకు రావాలన్నా ఇదే పేచీ. పేరు మార్చి రాసింది ఒకరు, ఆఫీసుల చుట్టూ తిరిగేది మనం.

అందుకే ఇది మురిసిపోయి వదిలేసే ముచ్చట కాదు. 2023 సవరణ చట్టం ప్రకారం, ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికి, ఆధార్‌కు, ఓటరు జాబితాకు జనన ధ్రువపత్రమే ఆధారం. అందులో ఎట్లా పడితే జీవితాంతం అట్లనే ఉంటది. పుట్టుక నమోదైనప్పుడు పేరు రాయించకపోతే 12 నెలల్లోపు రుసుం లేకుండా చేర్పించుకోవచ్చు. ఆ తర్వాత ఆలస్య రుసుం కట్టి 15 ఏళ్ల దాకా చేర్పించుకునే వీలుంది.

అమ్మానాయనలకు మా మాట ఒకటే. పేరు రాయించే రోజు పక్కన ఉండండి. రాసింది పైకి చదివించుకోండి, ఇంటిపేరుతో సహా. పంచాయతీ కార్యదర్శులకు, పంతుళ్లకు ఒక విన్నపం: పిల్లోని పేరును మీకు అందంగా తోచినట్టు సవరించకండి. తల్లి నోట ఎట్లా వస్తే అట్లా రాయండి. భీము అంటే భీము అనే.

దున్నిన భూమి మీద మన పేరు ఉండాలని జోడేఘాట్‌లో ప్రాణాలు పోయాయి. కనీసం మన పిల్లల మీద మన పేరు మనం నిలబెట్టుకుందాం.