ఇంపోజిషన్‌తో దస్తూరి రాదు



గత ఆదివారం మీ పత్రిక అనుబంధంలో పిల్లల దస్తూరి మీద వచ్చిన వ్యాసం చదివాను. రాత బాగాలేని పిల్లలతో రోజూ రెండు పేజీల కాపీ రాయించాలనీ, వంకరపోయిన మాటను పదేసిసార్లు తిరగరాయించాలనీ వ్యాసకర్త సలహా. గాంధీగారిని కూడా సాక్ష్యానికి పిలిచారు. చెడ్డ దస్తూరి అసంపూర్ణమైన చదువుకు గుర్తని ఆయన తన ఆత్మకథలో అన్నమాట నిజమే. దక్షిణాఫ్రికాలో వకీళ్ల రాత చూసి తన రాతకు సిగ్గుపడ్డానని కూడా చెప్పుకున్నారు. కానీ ఆయన మాట అక్కడితో ఆగలేదు. పిల్లలకు ముందు బొమ్మలు గీయడం నేర్పాలి, పువ్వునూ పిట్టనూ చూసి గుర్తుపట్టినట్టే అక్షరాన్నీ గుర్తుపట్టనివ్వాలి, బొమ్మలు వేయడం వచ్చాకే రాతకు దిగాలి అన్నదీ ఆయనే. సాక్షిని పిలిచాక సాక్ష్యం పూర్తిగా వినాలి కదండీ.

నేను 33 ఏళ్లు ప్రాథమిక పాఠశాలల్లో పంతులమ్మగా పనిచేసి రిటైరయ్యాను. ఇంపోజిషన్లు ఇవ్వడంలో నాకూ తక్కువ పేరేమీ లేదు. "కోడి గెలికినట్టుంది, మళ్లీ రాసుకురా" అని వెనక్కి పంపిన పిల్లలు ఎంతమందో లెక్కలేదు. వాళ్లలో ఎవరైనా ఇది చదువుతుంటే, మీ టీచరుకు ఆలస్యంగా తెలిసొచ్చిందనుకోండి. తెలిసొచ్చేలా చేసింది నా మనవడు.

వాడికి ఏడేళ్లు. హైదరాబాదులో ఒక ప్రైవేటు బడిలో రెండో తరగతి. కిందటేడు దీపావళి వెళ్లాక సంక్రాంతి దాకా నేను మా అమ్మాయి ఇంట్లోనే ఉన్నాను. డైరీలో వారానికి రెండుసార్లు ఎర్ర సిరాతో, పిల్లవాడి దస్తూరి బాగుచేయమని టీచరుగారి సూచన. (ఆ ఎర్ర సిరా రాత చదవడానికి నేను కళ్లజోడు తుడుచుకోవాల్సి వచ్చింది, అది వేరే సంగతి.) సాయంత్రం ఏడింటికి వాడు కాపీ పుస్తకం ముందు కూర్చునేవాడు. ఎనిమిదింటికి ఏడుపు. ఎనిమిదిన్నరకు మా అమ్మాయి అరుపులు.

ఒకరోజు వాడి పక్కన చిన్న పీట వేసుకుని కూర్చుని, పుస్తకం సంగతి వదిలేసి వాడి చెయ్యి చూశాను. పెన్సిలును పిడికిట్లో బిగించి, బొటనవేలు మిగతా వేళ్ల మీదుగా వేసి పట్టుకున్నాడు. గోళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఎడం చెయ్యి ఒళ్లో ఉంది, కాగితం జారిపోతోంది. కాళ్లు నేలకు అందక వేలాడుతున్నాయి. రాయాల్సింది 'ర'. సున్నా చుట్టి నెత్తిన తలకట్టు పెడితే అయిపోతుంది. వాడు ఆ సున్నాను ఒకసారి కిందనుంచి మొదలుపెడితే ఒకసారి పక్కనుంచి మొదలుపెట్టాడు. ఒకసారి కుడికి తిప్పాడు, ఇంకోసారి ఎడమకు. ఎక్కడ మొదలెట్టాడో వాడికే గుర్తుండదు కాబట్టి సున్నా మూతి కలవదు, తలకట్టు ఎక్కడో గాలిలో నిలబడుతుంది. పదిసార్లు రాయమంటే పది దారుల్లో రాశాడు. పేజీ తిప్పి వేలితో తడిమితే వెనకవైపంతా బొడిపెలు. రబ్బరుతో చెరిపినచోట చిల్లు.

33 ఏళ్లలో నేను దిద్దినవన్నీ రాసేసిన అక్షరాలే. రాస్తున్న చెయ్యిని కూర్చుని చూసింది ఆరోజే. నలభై మంది ఉన్న తరగతిలో అంత తీరిక ఎక్కడిదని తోటి టీచర్లు అంటారు. నిజమే. కానీ ఆ నలభై మంది ఇంపోజిషన్లు దిద్దడానికి దొరికే తీరిక ఎక్కడిదో మరి.

పిల్లల మీద జాలితో ఇంపోజిషన్ వద్దంటున్నానని అనుకోవద్దు. దాంతో పని జరగదు కాబట్టి వద్దంటున్నాను. చేతికి దారి తెలిశాక పదిసార్లు నడిపిస్తే ఆ దారి గట్టిపడుతుంది. తెలియకముందే నడిపిస్తే గట్టిపడేది తప్పుదారి. పైగా మూడో వరసకే వేళ్లు నొప్పెడతాయి. ఇంట్లో ఏ కాపీ పుస్తకమైనా తీసి చూడండి, పేజీలో పైనున్న నాలుగు అక్షరాలే కాస్త నిలకడగా ఉంటాయి, కిందికి పోయేకొద్దీ ఘోరం. ఆ ఘోరాన్ని చూసి మర్నాడు ఇంకో పేజీ ఇస్తాం.

వయసూ చూసుకోవాలి. పెద్దవాళ్ల మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవన్నీ మెత్తటి మృదులాస్థే, ఏళ్ల తరబడి ఒక్కొక్కటే ఎముకగా మారుతూ వస్తాయి. చివరిది మారేసరికి 9 నుంచి 12 ఏళ్లు పడుతుంది. నాలుగేళ్ల పిల్ల చేతికి ఎక్స్‌రే తీస్తే సగం దాకా ఎముకలు కనబడనే కనబడవు. సుమారుగా మూడేళ్లకు సున్నా, నాలుగేళ్లకు ప్లస్ గుర్తు, ఐదేళ్లకు చతురస్రం చూసి గీయగలుగుతారు. డైమండు ఆకారానికి ఏడేళ్లు రావాలి. మనమేమో ఎల్‌కేజీలో ఇంగ్లీషు పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ, ఆ వెంటనే కర్సివ్ పేరుతో గొలుసుకట్టు రాత, మధ్యలో తెలుగు గుణింతాలు, హిందీ. 2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ల దాకా ఒకే దశగా కలిపి ఆటపాటలతో చదువు చెప్పమంది. తల్లిదండ్రుల కొలత మాత్రం ఇప్పటికీ నోటుబుక్కులో ఎన్ని పేజీలు నిండాయన్నదే.

అక్షరాభ్యాసం నాడు, బాసరలోనైనా ఇంటి పూజగదిలోనైనా, పళ్లెంలో బియ్యం పోసి పిల్లవాడి వేలు పట్టుకుని ఎంతో పెద్దదిగా రాయిస్తాం. మర్నాడు సన్న పెన్సిలూ నాలుగు గీతల పుస్తకమూ చేతికిచ్చేస్తాం. మధ్యలో పలకా బలపం ఉండేవి, వాటిని దాటేశాం. పాతదంతా బంగారమని నేను అనను. ఇసుకలో వేలు మంటెత్తేదాకా దిద్దించిన వీధిబడి గురించి మా నాన్నగారు చెప్పేవారు.

మావాడి విషయంలో రెండు నెలలు కాపీ పుస్తకం అటకెక్కించాం. కాళ్ల కింద పాత పీట పెట్టాను. పెన్సిలు బదులు అంగుళం సుద్దముక్కలు ఇచ్చాను. అంత చిన్న ముక్కను పిడికిట్లో పట్టడానికి చోటుండదు, వేళ్లు వాటంతట అవే ముందుకొస్తాయి. మూడు వేళ్ల పట్టే ఉండాలని నేను పట్టుబట్టలేదు. నాలుగు వేళ్లతో పట్టుకున్నా రాత ఏమీ చెడదు. తలుపుకు నల్ల అట్ట అంటించి నిలువుగా గీయించాను, అప్పుడు మణికట్టు వెనక్కి వంగి కుదురుగా నిలబడుతుంది. వంటింట్లో చిక్కుడుకాయలు వలిచాడు, పూరీపిండి ఉండలు చేశాడు. రాతకు రోజుకు పది నిమిషాలే. మూడే మూడు అక్షరాలు. 'పైనుంచి మొదలు, ఎడమకు తిరుగు, మూతి కలుపు, తలకట్టు' అని పైకి అంటూ రాయాలి. ఒక్కటి కుదిరితే ఆరోజుకు చాలు. ఎడమచేతి వాటం పిల్లలైతే కాగితాన్ని కుడివైపు వాలేలా తిప్పి పెట్టండి, చెయ్యి మార్పించకండి.

అన్నిటికన్నా పనికొచ్చింది ముగ్గు. ధనుర్మాసంలో అపార్ట్‌మెంట్ గుమ్మం ముందు వాడిచేత చుక్కలు పెట్టించాను. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిపి చిటికెడు పిండి పట్టుకుని, జారనిస్తూ, ఆపుతూ వెళ్లాలి. పెన్సిలుకు కావాల్సిన అదుపంతా అందులో ఉంది. "మగపిల్లాడితో ముగ్గులేంటండీ వదినగారూ!" అన్నారు మా వియ్యపురాలు. నాలుగు రోజులు గడిచాక ఆవిడే కూర్చుని మెలిక ఎక్కడ తిప్పాలో వాడికి చూపించారు.

ఒక సంగతి మాత్రం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. జూపార్కుకు వెళ్లొచ్చాక తెల్లపులి గురించి వాడు నాకు ఇరవై నిమిషాలు చెప్పాడు, అది ఆవలిస్తే నాలుక ఎలా ఉందో కూడా. బడిలో రాయమంటే రాసింది రెండు మాటలు: "జూ బాగుంది." ఒక్కో అక్షరానికి అంత కష్టపడాల్సి వస్తే ఎవరైనా మాటలు పొదుపు చేస్తారు. టీచరు దానికింద బద్ధకమని రాశారు. ఆ తర్వాత మేం పద్ధతి మార్చాం. వాడు చెబుతాడు, నేను రాస్తాను, వాడికి నచ్చిన ఒక్క వాక్యం వాడు దించుకుంటాడు.

ఇవన్నీ చేసినా నెలల తరబడి మార్పు లేకపోతే, చదవడంలోనూ తడబాటు ఉంటే, పిల్లల డాక్టరునడిగి ఆక్యుపేషనల్ థెరపిస్టుకు చూపించాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం డిస్‌గ్రాఫియాను పేరుపెట్టి అభ్యసన వైకల్యాల్లో చేర్చింది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాక మానసిక వేధింపునూ నిషేధించింది. నోటుబుక్కు ఎత్తిపట్టి తరగతంతా నవ్వేలా చేయడం ఏ కోవలోకి వస్తుందో టీచర్లు ఆలోచించాలి. నేనూ ఆ పని చేశాను కాబట్టే అంటున్నాను.

మావాడి అక్షరాలు ముత్యాలేమీ అయిపోలేదు. 'ర' మూతి కలుస్తోంది. 'ఝ' జోలికి ఇంకా వెళ్లలేదు.

చివరగా మీకో మనవి. మీ పిల్లల పేజీలో కథలు పంపేవాళ్లకు 'స్వదస్తూరితో, కొట్టివేతలు లేకుండా' అని షరతు పెడుతున్నారు. దాన్ని తీసేయండి. పిల్లలు చెబుతుంటే ఇంట్లోవాళ్లు రాసిన కథలనూ తీసుకోండి. మావాడి తెల్లపులి కథ ఈ ఉత్తరంతో జతచేశాను. అందులో మూడుచోట్ల కొట్టివేతలున్నాయి. అవి నావి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
పిఠాపురం