గోడకు కాదు, గుండెకు

మడకశిరలో జిమ్‌కొచ్చేవాళ్లు నన్ను ‘మాస్టరన్నా’ అంటారు. ఆ మాస్టరు ఒక్క పరీక్షా రాయలేదు. హిందూపురంలో ఓ అన్న దగ్గర బరువులెత్తడం నేర్చుకున్నాను; ఆయన మా మీద ఎట్లా అరిచేవాడో ఆరేళ్లుగా నేనూ అట్లాగే అరుస్తున్నాను. ఇప్పుడు, ముప్పై ఆరేళ్ల వయసులో, పర్సనల్ ట్రైనర్ పరీక్షకు కూర్చుంటున్నాను. చీటీ పాడి ఎత్తిన డబ్బు దానికే పోయింది. ‘గోడకు తగిలించుకునే కాగితానికి అంత దుడ్డా?’ అని స్నేహితుల ఎగతాళి.

పోయిన చలికాలంలో అమరాపురం వైపు నుంచి వక్కతోట రైతు ఒకాయన వచ్చాడు. యాభై దాటినాయన. రెండో రోజే భుజాన బరువు పెట్టి గుంజీలు తీయించాను. మూడో విడతలో మొహం పాలిపోయి, చెమటలు కక్కి కూలబడ్డాడు. తీపి కూల్‌డ్రింకు తాగించాక తేరుకుని చెప్పాడు: పొద్దున షుగరు మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా వచ్చాడట. చేరిన రోజు నేను ఆయన్ను అడిగింది ఒకటే: ఫీజు నెలకా, మూణ్నెల్లకా?

సరిహద్దు ఊరు మాది. కన్నడ సినిమా మాకు పరాయిది కాదు. 2021 అక్టోబరు 29న వ్యాయామం చేశాక నలతగా ఉందని ఆసుపత్రికి వెళ్లిన హీరో పునీత్ రాజ్‌కుమార్ తిరిగి రాలేదు. 46 ఏళ్లు. ఆ వారం మా జిమ్ సగం ఖాళీ. జిమ్మే చంపిందని టీ అంగడి దగ్గర తీర్పు చెప్పేశారు. అంత తేలికగా తేల్చగూడదనిపించింది గానీ, అడిగినవాళ్లకు బదులు చెప్పే చదువు నా దగ్గర లేదు.

నేను రాయబోయేది అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎక్సర్‌సైజ్ వాళ్ల పరీక్ష. 150 ప్రశ్నలు, మూడు గంటలు. గుండె ఆగినవాళ్లకు చేసే సీపీఆర్ నేర్చిన పత్రం లేనివాణ్ని అసలు పరీక్షకే రానివ్వరు. మన ఊళ్ల జిమ్ములకు వేరే రూల్సేవీ లేకపోయినా ఈ ఒక్కటీ ఉండాలంటాను. కండలున్నవాడల్లా నేర్పగలడనుకోవడం, బాగా తినేవాడల్లా వండగలడనుకున్నట్టే.

పైగా మాకొచ్చేవాళ్లందరికీ కండలే అక్కర్లేదు. శనక్కాయ చేలో కలుపు తీసే అక్క ఒకామె గుంజీలనగానే నవ్వేసింది. ‘దినమంతా గొంతుక్కూర్చునే ఉంటాం కదప్పా, మళ్లీ దుడ్డిచ్చి కూర్చోవాల్నా?’ నిజమే. ఆమెకు కావాల్సింది నడుముకు బలం. అది వదిలేసి అందరికీ ఒకటే చార్టు రాసిచ్చాను ఇన్నేళ్లూ.

చదువు మాత్రం నత్తనడకే. పుస్తకం ఇంగ్లీషు. ‘కాంట్రాఇండికేషన్’ దగ్గర రెండు దినాలు ఇరుక్కుపోయి, చివరికి పక్కన ‘వీళ్లతో ఇది చేయించగూడదు’ అని తెలుగులో రాసుకున్నాను. ఆ పదం ముందే తెలిసుంటే వక్కతోటాయన ఆ రోజు కూలబడేవాడు కాదు.

రాత్రిళ్లు దిండు మీద సీపీఆర్ సాధన. నిమిషానికి 100 నుంచి 120 నొక్కుళ్లు, ఐదు సెంటీమీటర్ల లోతు. ముప్పై నొక్కాక రెండుసార్లు ఊపిరి. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తుంది. ‘మనిషి బతుకుతాడో లేదో గానీ, దూదైతే చచ్చింది’ అంటుంది.