పైరులోని పనివారు

గోదావరి డెల్టా రైతుకు ముంపు కొత్త కాదు. నాట్లు వేసిన కొద్ది రోజులకే కుండపోతగా వాన కురిసి, మురుగు కాలువలు పొంగి, చేను నీట మునిగితే, అతడు గట్టు మీద నిలిచి నీరు తీసే ఘడియ కోసం ఎదురుచూస్తాడు. తీరా నీరు తీశాక కుళ్ళిన దుబ్బులే మిగిలితే ఆ పెట్టుబడి నీటిపాలైనట్లే. అయితే రెండు వారాల వరకు మునిగి కూడా తిరిగి చిగిర్చే వరి వంగడాలున్నాయి. ఆ ఓర్పు వాటికి ఎలా వచ్చింది? దీనికి సమాధానం జన్యువుల వద్ద మొదలై, ప్రోటీన్ల వద్ద గాని ముగియదు.

2005లో వరి జన్యుపటం వెలువడింది. అందులో భారతీయ శాస్త్రజ్ఞులూ పాలుపంచుకున్నారు. దానితో మొక్క రహస్యమంతా చేతికి చిక్కిందని భావించడం సహజం. కాని జన్యువు ఆజ్ఞాపత్రం వంటిది. ఆ ఆజ్ఞను అమలుపరచే పనివారు ప్రోటీన్లు. ఒక మొక్కలో వేరుకూ ఆకుకూ ఉన్న జన్యువులు ఒక్కటే. అయినా వేరు నీరు పీలుస్తుంది, ఆకు ఆహారాన్ని తయారుచేస్తుంది. ఏ కణంలో ఏ ప్రోటీన్లు, ఎంత మోతాదులో, ఏ రూపంలో ఉన్నాయన్నదే ఈ భేదానికి మూలం. ఆ ప్రోటీన్ల సమూహాన్ని పరిశీలించే శాస్త్రమే ప్రోటియోమిక్స్. ఆకు నుండో వేరు నుండో ప్రోటీన్లను వెలికితీసి, చిన్న ముక్కలుగా చేసి, మాస్ స్పెక్ట్రోమీటర్‌తో ఆ ముక్కల ద్రవ్యరాశిని కొలిచి, అవి ఏ ప్రోటీన్లకు చెందినవో ఈ శాస్త్రం గుర్తిస్తుంది.

ఒడిశాకు చెందిన ఎఫ్.ఆర్. 13ఏ అనే వరిలో ముంపును తట్టుకొనే సబ్1ఏ జన్యువు ఉన్నట్లు 2006లో వెల్లడైంది. మన మారుటేరు పరిశోధనా స్థానంలో పుట్టిన స్వర్ణ వంగడంలోకి ఆ గుణాన్ని చేర్చగా వచ్చిన స్వర్ణ-సబ్1, 2009లో భారతదేశంలో విడుదలైంది. ఈ జన్యువు ఆజ్ఞతో తయారయ్యే ప్రోటీన్, మునిగిన మొక్కను అనవసరంగా సాగనీయదు. ఆ విధంగా మిగిలిన ఆహార నిల్వలే నీరు తీశాక కొత్త చిగుళ్ళకు ఆధారమవుతాయి. మరో ప్రోటీన్ దానికి ఫాస్ఫేటును జోడిస్తుందని ఢిల్లీలోని జాతీయ వృక్ష జీనోమ్ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 2016లో నిరూపించారు. ఆ జోడింపు ఎప్పుడు జరిగిందో జన్యుపటాన్ని ఎంత చదివినా తెలియదు, ప్రోటీన్‌నే పరీక్షించాలి.

స్వర్ణ-సబ్1 రూపకల్పనకు ప్రోటియోమిక్స్ అవసరం కలగలేదు గదా, ఇంత ఖరీదైన యంత్రాలు మనకెందుకని కొందరు ప్రశ్నించవచ్చు. ప్రశ్న సమంజసమైనదే. కాని ఆ వంగడానికీ హద్దులున్నాయి. నెలల తరబడి నిలిచే నీటిని అది తట్టుకోలేదు. విత్తనం మొలకెత్తే దశలో వచ్చే ముంపుకు దాని గుణం పనికిరాదు. ఆ హద్దులను దాటాలంటే మొక్క లోపల ఎవరు ఏ పని చేస్తున్నారో తెలియాలి. తెలియకుండా చేసే ప్రయత్నం చీకటిలో విసిరిన రాయి వంటిది.

అయితే ఈ శాస్త్రాన్ని అతిగా పొగడడమూ తగదు. మునిగిన మొక్కలో వందల ప్రోటీన్ల మోతాదు మారిందని యంత్రం చూపవచ్చు. వాటిలో కొన్ని ఓర్పుకు కారణాలు. కొన్ని కేవలం బాధకు గుర్తులు. ఏది కారణమో, ఏది గుర్తో తేల్చడానికి ఒక్కొక్క ప్రోటీన్‌ను విడిగా పరీక్షించవలసిందే. హాజరుపట్టీలో పేరున్నంత మాత్రాన పని చేసినట్లు కాదు.

కనుక మన విశ్వవిద్యాలయాలు యంత్రాలను కొనడంతో తృప్తిపడక, ఓపికగా ప్రయోగాలు చేసే యువతను తీర్చిదిద్దాలి. జీవశాస్త్రం చదివే విద్యార్థులు జన్యువుల పేర్లు వల్లెవేయడంతో ఆగక, అవి మొక్కలో ఏమి చేస్తున్నాయని ప్రశ్నించడం అలవరచుకోవాలి. ఆ ప్రశ్నకు లభించే ప్రతి సమాధానం గట్టు మీద ఎదురుచూస్తున్న రైతుకు ఒక పంట కాలాన్ని మిగల్చగలదు.