కుటుంబ క్షేమం: ఇంటి మాటే తొలి మందు

“అడగనిదే అమ్మయినా పెట్టదు” అన్నారు మన పెద్దలు. లోకంలో మాత్రం, బిడ్డ గిన్నెవైపు చూచినంతనే పాలు అందించే తల్లులే అధికం. ఆ ప్రేమను తప్పుపట్టగల వారెవరు? కాని రెండేండ్లు నిండినా మాట రాని బిడ్డ ఉన్న ఇంటిలో ఈ సామెతకు ఒక కొత్త అర్థం ఏర్పడుతుంది. ఆ అర్థాన్ని తల్లిదండ్రులకు బోధపరచడానికి ఇంటికే వచ్చే వాక్చికిత్సకుల పనిని గురించి ఈ మాసం ముచ్చటించుకుందాం.

వాక్చికిత్స అనగానే నాలుకకు వ్యాయామమనీ, అద్దం ముందు అక్షరాలు పలికించడమనీ చాలామంది భావిస్తారు. ఉచ్చారణ దోషాలకు అద్దం ఉపకరించే మాట నిజమే. అయితే ఇంకా మాటలే రాని పసిబిడ్డకు ముందుగా కావలసినవి రెండు: మాట్లాడవలసిన అవసరం, మాట్లాడే తోడు. ఈ రెండూ ఆసుపత్రి గదిలో కంటే వంటింటిలోనూ, పెరటిలోనూ, స్నానాల వేళలోనూ ఎక్కువగా లభిస్తాయి. వారానికి ఒక గంట వచ్చే చికిత్సకురాలు తానొక్కతే బిడ్డకు భాష నేర్పి వెళ్లజాలదు. ఆమె నేర్పేది ప్రధానంగా ఇంటివారికి. మిగిలిన గంటలన్నీ బిడ్డకు గురువులు వారే.

ఆమె చాపమీద, తన ముఖం బిడ్డకు కనబడేటట్లు కూర్చుంటుంది. బిడ్డ దేనిని చూస్తే దాని పేరు పలుకుతుంది. బిడ్డ “బం” అంటే “బంతి! ఎర్ర బంతి!” అని ఒక మాట కలుపుతుంది. మరమరాల డబ్బాకు మూత బిగించి బిడ్డ చేతికిచ్చి, కొన్ని క్షణాలు మౌనంగా నిరీక్షిస్తుంది. బిడ్డ చేయి చాచినా, కళ్లలోకి చూచినా, “ఊఁ” అన్నా దానిని అడగడంగానే స్వీకరించి, “మూత తీయాలా? తీస్తాను” అంటూ తీస్తుంది. “చెప్పు, చెప్పు” అని నిర్బంధించదు, ఏడిపించి పలికించదు. బిడ్డకు అడిగే వ్యవధి ఇవ్వడమే సామెతకు ఆమె చెప్పే అర్థం.

మన ఉక్కునగరపు ఇండ్లకు ఒక ప్రత్యేక పరిస్థితి ఉన్నది. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చిన తండ్రి పగలు నిద్రించాలి. “నాన్న పడుకున్నారు, సద్దు చేయకు” అని బిడ్డ చేతికి సెల్‌ఫోను ఇస్తారు. ఫోను మాట్లాడుతుంది గాని, బదులు కోసం ఆగదు. అందుచేత అనుభవజ్ఞురాలైన చికిత్సకురాలు ముందుగా తండ్రి షిఫ్టుల వరుసను అడుగుతుంది. అతడు మెలకువగా ఉండే వేళలో పది నిమిషాలు అతని వంతుగా నిర్ణయిస్తుంది.

మరొక ముఖ్య విషయం భాష. 1955లో భారత, సోవియట్ ప్రభుత్వాల ఒప్పందంతో రూపుదిద్దుకొని, 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభమైన ఈ కర్మాగారానికి దేశం నలుమూలల నుండి జనం వచ్చారు. తెలుగు కుటుంబాల పిల్లలు ఇంట తెలుగు, వీధిలో హిందీ, ఛత్తీస్‌గఢీ, బడిలో ఆంగ్లం వింటారు. మాట ఆలస్యమైనపుడు “ఇన్ని భాషలతో బిడ్డ తికమకపడుతున్నాడు, తెలుగు మానండి” అనే సలహా వినవస్తుంది. సదుద్దేశంతో చెప్పినదే అయినా ఇది సరికాదు. ఒకటికి మించి భాషలు వినడం వలన భాషాలోపం కలుగదని పరిశోధనలు తెలుపుతున్నాయి. నిజమైన లోపం ఉంటే అది బిడ్డ వినే అన్ని భాషలలోనూ కనబడుతుంది. “నీళ్లు” అన్నా, “పానీ” అన్నా బిడ్డ మాటల లెక్కలో చేర్చవలసినదే.

తనకు అలవాటు లేని భాషలోకి మారిన తల్లి మాటలు “ఇధర్ ఆవో”, “బైఠో” వంటి ఆజ్ఞలకు కుదించుకుపోతాయి. కథ పోతుంది, జోలపాట పోతుంది. శ్రీకాకుళం నుండి వచ్చిన నాయనమ్మ మనుమడి ముందు మూగదవుతుంది. బిడ్డతో మాట్లాడే తీరిక ఇంటిలో అందరికంటె ఆమెకే ఎక్కువ. వచ్చిన చికిత్సకురాలికి తెలుగు రాకపోతే, నాయనమ్మ వద్ద పది మాటలు ఆమె నేర్చుకోవడం ఉత్తమం.

అన్నిటికంటె ముందు వినికిడి పరీక్ష జరగాలి. పళ్లెం పడిన చప్పుడుకు ఉలిక్కిపడే బిడ్డకు మెల్లని ధ్వనులు వినబడకపోవచ్చు. పుట్టిన నెలలోపు వడపోత పరీక్ష, మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు చికిత్స అనేది నిపుణులు అంగీకరించిన క్రమం. ఏడాదిన్నరకు ఒక్క మాటైనా రాకపోయినా, రెండేండ్లకు “అమ్మ రా” వంటి జంట మాటలు కూర్చకపోయినా, ఏ వయసులోనైనా వచ్చిన మాటలు పోయినా జాగు చేయరాదు. “మగపిల్లలకు ఆలస్యమే”, “వాళ్ల నాన్నకూ ఇంతే” అనే ఓదార్పులలో విలువైన కాలం గడచిపోతుంది.

శిశువైద్యునో, చెవి, ముక్కు, గొంతు వైద్యునో మొదట సంప్రదించండి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద పుట్టినది మొదలు పద్దెనిమిదేండ్ల వరకు వినికిడి, భాషాలోపాలను ఉచితంగా పరీక్షిస్తారు. ఇంటికి వచ్చే చికిత్సకులు భారత పునరావాస మండలిలో నమోదైనవారేనా అని అడగడం అమర్యాద కాదు. 1992 నాటి చట్టం ఆ నమోదును తప్పనిసరి చేసింది. 1965లో మైసూరులో స్థాపించిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ వంటి విద్యాలయాలు ఈ వృత్తికి శిక్షణ ఇస్తున్నాయి.

అందరు పిల్లలూ ఒకే తీరున మాట్లాడకపోవచ్చు. కొందరు సైగలతో, బొమ్మల పలకలతో తమ మనసు తెలుపుతారు. వాటివలన నోటిమాట ఆగిపోదు; అవీ మాటలే. తనకు కావలసినది తాను అడగగలననీ, అడిగితే వినే వారున్నారనీ బిడ్డకు తెలియాలి. ఆ నమ్మకం కలిగించవలసినవారు ఇంటివారే.