పిలిచినవారి పూచీ

చెన్నపట్టణపు సంగీతోత్సవములకును ఈశాన్య ఋతుపవనమునకును పంచాంగములో ఎడము మిక్కిలి తక్కువ. 1927లో ఇచ్చట జరిగిన కాంగ్రెసు మహాసభతోపాటు నడచిన సంగీత సమ్మేళనమునుండి పుట్టి 1928లో వెలసిన మ్యూజిక్ అకాడమీ మొదలుకొని మైలాపూరు, త్యాగరాయనగరముల గానసభల వరకు అన్నియు తమ సంవత్సరపు కృషిఫలమును డిసెంబరు మాసమునందే రసికుల ముందుంచుచుండగా, బంగాళాఖాతమునందలి తుపానులును ఇంచుమించుగా ఆ దినములలోనే ఈ తీరమునకు వచ్చుచుండును. ఈ సంగతి తెలియని సభాకార్యదర్శి నగరమున లేడు. తెలిసియు, ఆహ్వానపత్రికలు అచ్చువేయించుటయందును, విద్వాంసులకు బయానా ఇచ్చుటయందును, కాంటీన్ కాంట్రాక్టు కుదుర్చుటయందును చూపు శ్రద్ధలో పదియవ పాలైనను తమ కార్యక్రమమునకు బీమా చేయించుటయందు చూపువారు నేనెఱిగినంతవఱకు అరుదు. ఆ బీమా ఎట్టిది, అది ఏమి ఇచ్చును, ఏమి ఈయదు, అది ముఖ్యముగా ఎవరికొఱకు అను విషయములను ఈ వారము విచారింపదలచితిని.

ఇటీవలి యేండ్లలో ఈ నగరము చూచినవానినే తలచుకొందము. 2015 డిసెంబరు మొదటివారమున ముంచెత్తిన వరదలవలన చెన్నై అంతర్జాతీయ చలనచిత్రోత్సవము 2016 జనవరికి వాయిదాపడెను. 2016 డిసెంబరు 12వ తేదీన వర్దా తుపాను నగరము చెంతనే తీరము దాటి వేలకొలది వృక్షములను కూల్చెను. 2018 ఏప్రిల్‌లో కావేరీ జలవివాదముపై చెలరేగిన ఆందోళనవలన చెపాక్ మైదానమున జరుగవలసిన ఐపీఎల్ క్రికెట్ పోటీలు పూనాకు తరలిపోయెను. 2023 ఆగష్టు 12వ తేదీకి నిర్ణయింపబడిన ఏ.ఆర్. రహమాన్ గానసభ వానవలన ఆగిపోయి, సెప్టెంబరు 10న తూర్పుతీర రహదారిపై పనైయూరు చెంత జరిగినప్పుడు, జనసమ్మర్దము అదుపు తప్పి, టికెట్టు కొనియు లోనికి పోజాలనివారు ఎందఱో నడిరోడ్డుపై నిలిచిపోయిరి. అదే యేడు డిసెంబరున మిచౌంగ్ తుపాను రాగా, 9, 10 తేదీలలో జరుగవలసిన రాత్రి కారుపందెములు ఆగిపోయి, 2024 ఆగష్టు చివరిదినమునను సెప్టెంబరు మొదటిదినమునను జరిగెను.

ఈ ఉదాహరణములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో నష్టము రెండు విధములని తేటపడును. సభ జరుగకపోవుటవలన కలుగు నష్టము ఒకటి. సభ జరుగుటవలననే కలుగు నష్టము వేఱొకటి. మొదటిది నిర్వాహకుని ధనమునకు సంబంధించినది. రెండవది అతని పిలుపు విని వచ్చినవారి దేహమునకును ప్రాణమునకును సంబంధించినది. బీమా కంపెనీలు ఈ రెండింటిని ఒకే పత్రములో కుట్టి ఇచ్చినను, లోపల అవి వేర్వేరు భాగములు; ఒకటి కొనినంతమాత్రమున రెండవది కొనినట్లు కాదు. మన నిర్వాహకులలో పలువురు మొదటిదానినే బీమా యనుకొందురు. నా మనవి అంతయు రెండవదానిని గూర్చినదే. ఐనను మొదటిదానిని గూర్చియు కొంత తెలిసికొనుట అవసరము.

నిర్వాహకుని వశమున లేని కారణముచేత కార్యక్రమము రద్దైనను, వాయిదాపడినను, నడుమ నిలిచిపోయినను, అప్పటికే పెట్టిన తిరిగిరాని ఖర్చును చెల్లించునది క్యాన్సలేషన్ కవరు. ఒక చిన్న లెక్క వేసి చూతము. ఒక సంఘమువారు ఆరుబయట సంగీత విభావరికి మైదానపు అద్దె, పందిరి, మైకులు, దీపములు, కళాకారుల బయానా అన్నియు చేర్చి ఇరువది లక్షలు ఖర్చుచేసిరనుకొందము. ఆనాటి ఉదయమే కుండపోతగా వాన కురిసి సభ ఆగిపోగా, టికెట్ల సొమ్మంతయు కొన్నవారికి తిరిగి ఇచ్చివేసిరి. మైదానమువారు మూడు లక్షలు వాపసు చేసిరి. కళాకారులు రెండు లక్షల బయానాను తిరిగి పంపిరి. మిగిలిన పదునైదు లక్షలలో ఎక్సెస్ అను పేర నిర్వాహకుడే భరించవలెనని పాలసీలో వ్రాసిన లక్ష రూపాయలు తీసివేసి, పదునాలుగు లక్షలు కంపెనీ ఇచ్చును. కాని టికెట్లవలన మిగులునని ఆశించిన లాభము, ముందుగా చెప్పి పాలసీలో చేర్పింపనియెడల, ఒక్క రూపాయియు రాదు. అంతేకాదు, ఆరుబయలు సభలకు వానవలని నష్టమును పెక్కుచోట్ల ప్రత్యేకముగా అడిగి, అదనపు ప్రీమియము కట్టి చేర్పించుకొనవలసియుండును. ఏ గంటల నడుమ ఎన్ని మిల్లీమీటర్ల వాన కురిసినచో చెల్లింతురో కొన్ని పత్రములలో అంకెలతోనే వ్రాసియుండును.

ప్రధాన కళాకారుడు రాకపోవుట కూడ ఇట్టిదే. మృదంగ విద్వాంసునికి జ్వరము వచ్చినచో మఱియొకరిని కూర్చుండబెట్టి కచేరీ నడిపింపవచ్చును. గాయకునికే గొంతు పోయినచో సభ లేదు. కావున ఎవరు రాకున్న సభ ఆగునో వారి పేరు పాలసీలో ఉండవలెను. వారికి పూర్వమునుండి ఉన్న అనారోగ్యము తెలిసినంతవఱకు కంపెనీకి చెప్పియుండవలెను. తెలిసిన సంగతిని దాచి తీసికొనిన పాలసీ అవసరమైన దినమున అక్కఱకు రాదు.

ఇక ఈ కవరు ఈయనివి. టికెట్లు అమ్ముడుపోకపోవుట, చేతిలో సొమ్ము చాలకపోవుట, భాగస్వాములు తగవులాడుట, పోలీసు అనుమతి తీసికొనకపోవుట, ఇవి బీమా నష్టములు కావు. 2020 తరువాత అంటువ్యాధులను పెక్కు కంపెనీలు మినహాయించుచున్నవి. ఉగ్రవాద చర్యలు, బంద్‌లు, ప్రముఖుల మరణమువలన ప్రకటింపబడు సంతాపదినములు చేరినవో లేదో అడిగియే తెలిసికొనవలెను. 2016 డిసెంబరు 5న ముఖ్యమంత్రి జయలలిత మరణించినప్పుడు ఏడు దినములు సంతాపము పాటించిన ఈ నగరమున ఆ ప్రశ్న అనావశ్యకము కాదు. వేళను గూర్చి ఒక మాట. ప్రీమియము ముందుగా చేతికి అందనిదే ఏ కంపెనీయు పూచీ వహింపరాదని 1938 నాటి బీమా శాసనపు 64వీబీ సెక్షను స్పష్టముగా విధించుచున్నది. వాయుగుండము బలపడినదని వాతావరణ కేంద్రము ప్రకటించిన తరువాత బీమా ఏజెంటుకు ఫోను చేయుట ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వబూనుటయే. అప్పటికే కంటబడుచున్న ఆపదకు ఎవరును పూచీపడరు.

ఇప్పుడు అసలు విషయమునకు వత్తము. సభ ఆరంభమగుటకు రెండు గంటల ముందు నగరమున ఏ మైదానమునకైనను పోయి చూడుడు. వేదిక వెనుక జనరేటరు నుండి బయలుదేరిన బొటనవ్రేలి లావు నల్లని కేబులు ప్రేక్షకులు నడచు త్రోవకు అడ్డముగా పడియుండును; దానిపై అంచులు లేచిన తివాచీముక్క ఒకటి కప్పియుండును. ఇరువది అడుగుల ఎత్తున ఇనుప చట్రముపై ఒక కుఱ్ఱవాడు, నడుమునకు త్రాడైనను లేక, ఒక చేత పట్టుకొని మఱియొక చేత దీపములు బిగించుచుండును. ఆ కేబులు కాలికి తగిలి ఒక వృద్ధురాలు పడి తుంటియెముక విరుగగొట్టుకొన్నచో వైద్యపు ఖర్చు ఎవరు పెట్టుదురు? ఆ కుఱ్ఱవాడు జాఱిపడినచో వాని యింటికి ఎవరు జవాబు చెప్పుదురు? క్యాన్సలేషన్ కవరు ఎంత పెద్దదైనను ఈ రెండు ప్రశ్నలకును దానియందు సమాధానము లేదు. ఏలయన సభ చక్కగా జరుగుచునే యున్నది!

మొదటి ప్రశ్నకు సమాధానము పబ్లిక్ లయబిలిటీ పాలసీ. నిర్వాహకుని వలనగాని అతని మనుష్యుల వలనగాని జరిగిన అజాగ్రత్తచేత ఇతరులకు కలిగిన దేహబాధకును ఆస్తినష్టమునకును న్యాయస్థానము నిర్వాహకునిపై విధించు పరిహారమును అది భరించును. ఒక ప్రమాదమునకు గరిష్ఠముగా ఇంత, పాలసీ కాలమంతటికి ఇంత అని రెండు అంకెలు అందుండును. అయిదువందలమంది వచ్చు సభకు సరిపడు అంకె ఏబదివేలమంది వచ్చు సభకు ఏమూలకును చాలదు. విందు గల కార్యక్రమమైనచో భోజనమువలన కలుగు అస్వస్థత చేరినదో లేదో చూచుకొనవలెను. 1991లో వచ్చిన పబ్లిక్ లయబిలిటీ బీమా శాసనము ఇందుకే కదా అని కొందఱు భ్రమపడుదురు. అది భోపాలు దుర్ఘటన తరువాత ప్రమాదకర పదార్థములతో వ్యవహరించువారిని ఉద్దేశించి చేసినది, సభలను గూర్చినది కాదు. రెండవ ప్రశ్నకు సమాధానము వేఱు. ఆ దీపముల కుఱ్ఱవాడు ప్రేక్షకుడు కాడు, పనివాడు. వానికి 1923 నాటి కార్మిక పరిహార శాసనకాలము నుండియు యజమాని బాధ్యత యున్నది, దానికి ప్రత్యేకముగా బీమా తీసికొనవలెను. 2020 ఫిబ్రవరి 19న పూందమల్లి చెంత ఒక చలనచిత్రపు సెట్టుపై క్రేను కూలి మువ్వురు మరణించిన వార్త ఈ నగరము ఇంకను మఱువలేదు.

పెండ్లియింటివారు ఇది మనకు సంబంధించినది కాదనుకొనరాదు. 2004 జనవరి 23న శ్రీరంగమునందలి కల్యాణమండపములో చెలరేగిన మంట పందిరికప్పును క్షణములలో ఆవరించి, వరునితోకూడ ఏబదిమందికి పైగా బలిగొన్నది. 2024 డిసెంబరు 4న హైదరాబాదు సంధ్య థియేటరు వద్ద ఒక తల్లి, 2025 జూన్ 4న బెంగుళూరు చిన్నస్వామి మైదానము వద్ద పదునొకండుగురు, ఆ సెప్టెంబరు 27న కరూరులో నలువదియొక్కరు జనసమ్మర్దములో ప్రాణములు కోల్పోయిరి. వీరందఱును వేడుకకో, అభిమానముచేతనో వచ్చినవారే. ఇట్టి దుర్ఘటన జరిగినప్పుడెల్ల దయతో ప్రకటింపబడు సహాయము వేఱు, హక్కుగా లభించు పరిహారము వేఱు. ఒకటి ఇచ్చువాని మనస్సుపై ఆధారపడును, రెండవది వ్రాసిన పత్రముపై ఆధారపడును.

ఇది మన దేశమునకు అలవికాని పని కాదు. బొంబాయి కింగ్స్ సర్కిలునందలి జీఎస్‌బీ సేవా మండలివారు 2024 వినాయకచవితికి 400 కోట్ల రూపాయలకు పైగా బీమా చేయించినప్పుడు, అందు అధికభాగము విగ్రహముపై నగలకు గాక కార్యకర్తలు, అర్చకులు, వంటవారు, కావలివారు మొదలగువారి ప్రమాద బీమాకే కేటాయించిరి. అయిదు దినముల పండుగకు వారికి తోచిన ఆలోచన నెలపొడవునను ఉత్సవములు జరుపు మనకు తోపకుండరాదు. వింబుల్డన్ టెన్నిస్ నిర్వాహకులు సార్స్ వ్యాధి వచ్చిన 2003 ప్రాంతము నుండి అంటువ్యాధి బీమాకు ఏటేటా ప్రీమియము కట్టుచు, 2020లో పోటీలు రద్దైనప్పుడు పదికోట్ల డాలర్లకు మించిన పరిహారము పొందిరని పత్రికలు వ్రాసినవి. మన దేశమున బీమా చేయబడిన మొదటి చలనచిత్రముగా పేరొందిన 1999 నాటి హిందీ చిత్రము తాల్‌కు పూచీపడినది ఈ చెన్నపట్టణమునందే ప్రధాన కార్యాలయము గల యునైటెడ్ ఇండియా కంపెనీ. విద్య మన వీథిలోనే యున్నది, అడుగువారు లేరు.

బీమా యున్నచో నిర్వాహకులు అజాగరూకులగుదురని కొందఱు పెద్దలు ఆక్షేపింతురు. ఆ భయము ఊరక పుట్టినది కాదు. కాని పాలసీకై నింపవలసిన దరఖాస్తును ఒకసారి చూచినవారికి అది తగ్గును. ఎంతమంది వత్తురు, బయటికి ద్వారములెన్ని, మంటలార్పు పరికరములెన్ని, పందిరి ఏ వస్తువుతో వేయుదురు, వైద్యుడు ఉండునా, ఇట్టి ప్రశ్నలకు సంతకము పెట్టి జవాబు వ్రాయవలెను. వ్రాసినది అబద్ధమైనను, తగు జాగ్రత్త తీసికొనకున్నను కంపెనీ చెల్లింపునకు నిరాకరింపవచ్చును. ఆ ప్రశ్నలను ఎవరును అడుగనందువలననే మన సభలలో పలుచోట్ల రెండవ ద్వారమునకు తాళము వ్రేలాడుచున్నది. పోయిన ప్రాణమును ఏ పాలసీయు తీసికొనిరాదు. కాని ఆ ప్రాణము పోకుండ చూచుకొమ్మని ముందుగా హెచ్చరించు పత్రము ఇది.

కావున మూడు మనవులు చేయుచున్నాను. సభాకార్యదర్శులారా, కల్యాణములు చేయు పెద్దలారా, పందిరి రాట వేయకమునుపే లయబిలిటీ పాలసీ తీసికొనుడు. తీసికొని మినహాయింపుల పుటను మొట్టమొదట చదువుడు. నగరపాలక సంస్థవారును పోలీసువారును బహిరంగ కార్యక్రమమునకు అనుమతి నిచ్చునప్పుడు జనసంఖ్యకు తగిన బాధ్యతా బీమా పత్రము చూపనిదే సంతకము పెట్టకుందురు గాక. పాఠకులారా, మీరు టికెట్టు కొనునప్పుడు గాయకుడు ఎవరని అడిగినట్లే, మాకు ఏమైన జరిగినచో పూచీ ఎవరిదని కూడ అడుగుడు. పదిమంది అడిగిన ప్రశ్నకు పదునొకండవ సభలోనైనను సమాధానము సిద్ధముగా ఉండును. జనమును పిలువగల శక్తి యున్నవానికి ఆ జనమునకు పూచీపడు శక్తియు ఉండవలెను. అది లేనివాడు సభ చేయకుండుటయే మేలు.