మానినోళ్లకు ఒక్క గది లేదా?

మన మూడు జిల్లాల్లో తాగేవాడికి ఉన్నంత మర్యాద తాగుడు మానినవాడికి లేదు. తాగేవాడికి కల్లు దుకాణం ఉంది, వైన్స్ ఉంది, పక్కనే పర్మిట్ రూమ్ ఉంది. పడిపోతే లేపి ఇంటికి చేర్చే దోస్తులున్నారు. మరి మానినవాడికి? గద్వాలలో గానీ, వనపర్తిలో గానీ, నాగర్‌కర్నూల్‌లో గానీ పొద్దుగూకాక పోయి తనలాంటి నలుగురితో కూర్చోవడానికి సర్కారు చూపించిన చోటేది?

2015 సెప్టెంబరును అప్పుడే మరిచిపోయామా? అప్పటికి ఈ మూడూ మహబూబ్‌నగర్ జిల్లాలోనివే. కల్తీ కల్లు మీద సర్కారు ఒక్కసారిగా విరుచుకుపడింది. డైజోఫాం, అల్ప్రాజోలం, సీహెచ్ (క్లోరల్ హైడ్రేట్) పొడి కలిపిన కల్లు దొరకకుండా పోయింది. ఏళ్ల తరబడి ఆ మందుకు అలవాటుపడ్డ ఒళ్లు ఊరుకుంటుందా? ఫిట్స్ వచ్చాయి. చేతులు వణికాయి. నిద్ర కరువైంది. మగవాళ్లూ ఆడవాళ్లూ మతి తప్పినట్టు మాట్లాడారు. ఆసుపత్రుల్లో మంచాలు చాలలేదు. ఇలాంటి మత్తును ఉన్నపళంగా ఆపకూడదు, డాక్టరు దగ్గరుండి కొద్దికొద్దిగా తగ్గిస్తూ దింపాలి. వైద్యం చదివిన ప్రతి ఒక్కరికీ తెలిసిన ఈ సంగతి దుకాణాలకు తాళాలు వేసినవాళ్లకు ఎందుకు పట్టలేదు? పేపర్లేమో ఆ రోగుల వింత చేష్టలను రాశాయి. ఆ నరకాన్ని దాటి, మళ్లీ సీసా ముట్టనివాళ్ల సంగతి ఎవరు రాశారు?

(చెట్టు కల్లును నేను తప్పుపట్టడం లేదు. ప్రాణాలకు తెగించి తాడెక్కే గీత కార్మికుడి కష్టం వేరు, పొడి కలిపి అమ్మేవాడి వ్యాపారం వేరు.)

సీసా పక్కన పెడితే మానినట్టే అనుకునేవాళ్లు మానినవాడి సాయంత్రం ఒకటి చూడాలి. కూలి ముగిసింది. ఒళ్లు హూనమైంది. ఇదే వేళకు ఏళ్ల తరబడి కల్లు కాంపౌండులో బల్ల మీద కూర్చుని గుడాలు తిన్నాడు. రేపటి పని ఎక్కడుందో మేస్త్రి చెప్పేది అక్కడే. బిడ్డ పెళ్లి సంబంధం మాట వచ్చేది అక్కడే. ఇప్పుడు ఆ దుకాణం కంటపడకుండా వెనక గల్లీ గుండా ఇల్లు చేరుతున్నాడు. గడపలో భార్య అతని చేతిలోని టిఫిన్ డబ్బా అందుకునే వంకతో దగ్గరికొచ్చి వాసన చూస్తుంది. అతనికి తెలుసు. ఏమీ అనడు. పెత్రమాసకు, దసరాకు, ఎవరింట్లోనైనా దినానికి పోతే బంధువులే గ్లాసు ముందుకు జరుపుతారు. "ఒక్కటికి ఏమైతదిరా?" వద్దంటే, "పెద్ద మనిషివైనవ్‌లే" అని ఎత్తిపొడుస్తారు. మందుతో పాటు మనుషులు కూడా దూరమైతే ఎవడు ఎన్నాళ్లు నిలబడగలడు?

అప్పుడు అతన్ని నిలబెట్టగలిగేది ఒక్కడే. తనకంటే ముందు మానినవాడు. 1935లో అమెరికాలోని ఆక్రన్ ఊళ్లో బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి, డాక్టర్ బాబ్ అనే సర్జన్ కనిపెట్టింది ఇదే. ఇద్దరూ తాగుడుతో చితికిపోయినవాళ్లే. ఎదుటి తాగుబోతుతో మాట్లాడితేనే తన కాళ్లు నిలుస్తున్నాయని బిల్‌కు అర్థమైంది. ఆ ఇద్దరి మాటల్లోంచి పుట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ ఇవాళ ప్రపంచమంతా ఉంది. ఫీజు లేదు, కులం అడగరు, బయటివాళ్ల చందా తీసుకోరు. మానాలనే కోరిక ఉంటే చాలు.

మన వాడల్లోనూ అలాంటి మనిషి ఉంటాడు. పక్కింటి తమ్ముడు ఆసుపత్రి నుంచి వచ్చిన వారానికి తలుపు తట్టి "ఇయ్యాల నాతోని చాయ్‌కు రా" అని వెంటబెట్టుకుపోతాడు. ఫిట్స్‌కు డాక్టరు మందిస్తాడు. రాత్రి పదిగంటలకు ప్రాణం గుంజేటప్పుడు పక్కన కూర్చునేది ఈ మనిషే. ఇతనికి జీతం లేదు, గుర్తింపు కార్డు లేదు, ఆగస్టు పదిహేనున శాలువా లేదు. ఇంకెంత చేస్తే ఇతను మన కంటికి ఆనతాడు?

ఇతనికి కావాల్సింది ఒక్క గది. ఈ గడ్డకు గదులివ్వడం చేతకాదా? వనపర్తి రాజావారి బంగళాలో 1959లో పాలిటెక్నిక్ పెట్టారు. గద్వాల కోటలో మహారాణి ఆదిలక్ష్మి దేవమ్మ పేరిట కాలేజీ నడుస్తోంది. కోటలూ బంగళాలూ పిల్లల చదువుకు తలుపులు తెరిచిన నేల ఇది. నలుగురు ఒకచోట కూర్చుంటే ఏమవుతుందో తెలుగువాళ్లకు ఒకరు చెప్పాలా? నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకోవడానికి కూర్చున్న ఆడవాళ్లు 1992లో సారా దుకాణాన్ని మూయించారు. వర్ధినేని రోశమ్మ లాంటి పల్లెటూరి మనిషి వెలిగించిన ఆ నిప్పుకు మరుసటి ఏడే ప్రభుత్వం సారాను నిషేధించింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమే వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు. దుకాణాలు తిరిగొచ్చాయి. ఆ కూర్చునే చోట్లు మాత్రం మళ్లీ రాలేదు.

సర్కారువాళ్లు ఇప్పుడేం చేస్తున్నారు? పొడి సంచులు పట్టుకుని వాటి వెనక నిలబడి ఫొటోలు దిగుతున్నారు. మత్తుపదార్థాల వ్యతిరేక దినం జూన్ 26 వచ్చిందంటే బడిపిల్లలను ఎండలో నడిపించి ప్రతిజ్ఞ చేయిస్తున్నారు. వైన్స్‌లకు లక్కీ డ్రా తీసి దరఖాస్తు ఫీజుల మీదే కోట్లు లెక్కపెట్టుకుంటున్నారు. అందులో ఒక్క పైసైనా మానినవాడికి కుర్చీ వేయడానికి వెళ్లిందా? మత్తు అమ్ముకోవడానికి లైసెన్సు, మత్తు నుంచి బయటపడ్డవాడికి వెనక గల్లీనా? ఇదెక్కడి న్యాయం?

మూడు జిల్లాల కలెక్టర్లనూ, ఎమ్మెల్యేలనూ అడుగుతున్నాను. వనపర్తికీ, నాగర్‌కర్నూల్‌కూ 2022లో, గద్వాలకు 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. వాటి ఆసుపత్రుల్లో సాయంత్రం ఓపీ ముగిశాక ఖాళీగా ఉండే ఒక్క గది ఇవ్వండి. పది కుర్చీలు, ఒక ఫ్యాను, ఫ్లాస్కు నిండా చాయ్. ఆడవాళ్లకు విడిగా మరో పూట. తాళంచెవి మీ అధికారుల చేతికి కాదు, మానినవాళ్ల చేతికే ఇవ్వండి. ఎవరొచ్చారో పేర్లు రాసి పైకి పంపమని అడగకండి. డిశ్చార్జి చీటీ మీద మందుల పేర్ల కింద ఆ గది అడ్రసు కూడా రాయమని డాక్టర్లకు చెప్పండి. పండగల్లో జారిపడే ప్రమాదం ఉంటుంది కాబట్టి, పెత్రమాస రాకముందే తెరవండి.